తొలి దశ అండాశయ క్యాన్సర్: చికిత్స, కోలుకునే అవకాశాలు

భాగం – 9

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 'తొలి దశ' అంటే ఏమిటి?
9.3 శస్త్రచికిత్సకు ముందు జరిగే పరీక్షలు
9.4 శస్త్రచికిత్స
9.5 కీమోథెరపీ ఎవరికి అవసరం?
9.6 కోలుకునే అవకాశాలు: అంకెలను అర్థం చేసుకోవడం
9.7 చికిత్స ముగిసిన తరువాత
9.8 సారాంశం
9.9 కీలక పదాలు
9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• అండాశయ క్యాన్సర్‌లో 'తొలి దశ'ను ఎలా నిర్ధారిస్తారో వివరించగలుగుతారు.
• శస్త్రచికిత్సలో చేయవలసిన పనులను, వాటి కారణాలను చెప్పగలుగుతారు.
• కీమోథెరపీ ఎవరికి అవసరమో, ఎవరికి అవసరం లేదో వేరుచేయగలుగుతారు.
• 'ఐదేళ్ల మనుగడ రేటు' వంటి గణాంకాలను సరిగా అర్థం చేసుకోగలుగుతారు.

9.1 పరిచయం

గత భాగంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి చదివారు. ఆ వ్యాధి ముదరకముందే పసిగట్టడానికి పాప్ స్మియర్ వంటి పరీక్షలు ఉన్నాయని తెలుసుకున్నారు. అండాశయ క్యాన్సర్ విషయంలో అటువంటి సౌకర్యం లేదు. అండాశయాలు పొత్తికడుపులో లోతుగా ఉంటాయి. అక్కడ కణితి పెరుగుతున్నా చాలాకాలం బయటకు తెలియదు. కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండినట్లు అనిపించడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం దీని ముఖ్య లక్షణాలు. మన ఇళ్లలో వీటిని 'గ్యాస్' అనుకొని మాత్ర వేసుకొని ఊరుకోవడం మామూలే. ఈ లక్షణాలు కొత్తగా మొదలై, నెలలో 12 సార్లకు మించి కనిపిస్తుంటే, ముఖ్యంగా 50 ఏళ్లు దాటిన మహిళల్లో, వైద్యులను సంప్రదించాలి.

అమెరికా క్యాన్సర్ నమోదు గణాంకాల ప్రకారం ఈ వ్యాధి సోకినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి మాత్రమే అది అండాశయానికి పరిమితమై ఉన్నప్పుడు బయటపడుతుంది. ఆ ఒక్కరికి పూర్తిగా కోలుకునే అవకాశం చాలా ఎక్కువ. అయితే ఆ అవకాశం మొదటి ఆపరేషన్ ఎలా జరిగిందన్న దానిపై బాగా ఆధారపడి ఉంటుంది. ఈ భాగంలో మీరు ప్రధానంగా గుర్తుంచుకోవలసిన విషయం ఇదే: స్కానింగ్‌లో కణితి ఒక్క అండాశయంలోనే కనిపించినంత మాత్రాన వ్యాధి తొలి దశలో ఉందని చెప్పలేం. కడుపులో మిగతా చోట్ల కూడా వెతికి, అక్కడ వ్యాధి లేదని చూపినప్పుడే ఆ మాట చెప్పగలం.

9.2 'తొలి దశ' అంటే ఏమిటి?

అండాశయ క్యాన్సర్ దశలను అంతర్జాతీయ స్త్రీవైద్య, ప్రసూతి వైద్య సమాఖ్య నిర్ణయిస్తుంది. దీన్ని సంక్షిప్తంగా 'ఫిగో' అంటారు. ఈ సమాఖ్య 2014లో ప్రకటించిన వర్గీకరణ ప్రకారం ఒకటో దశలో వ్యాధి అండాశయాలకు లేదా అండవాహికలకు పరిమితమై ఉంటుంది. ఇందులో మూడు ఉపదశలు ఉన్నాయి.

1-ఎ: కణితి ఒకవైపు మాత్రమే ఉంటుంది. దాని పైపొర చెక్కుచెదరదు. పొర ఉపరితలంపై క్యాన్సర్ ఉండదు. కడుపులోని ద్రవంలో క్యాన్సర్ కణాలు ఉండవు.

1-బి: పై లక్షణాలే ఉంటాయి. కానీ కణితి రెండువైపులా ఉంటుంది.

1-సి: కణితి ఒకవైపు లేదా రెండువైపులా ఉండి, కింది వాటిలో ఏదో ఒకటి జరుగుతుంది. ఆపరేషన్ సమయంలో కణితి పగిలితే 1-సి1. ఆపరేషన్‌కు ముందే పగిలినా, ఉపరితలంపై క్యాన్సర్ ఉన్నా 1-సి2. కడుపులోని ద్రవంలో లేదా కడుపును కడిగిన నీటిలో క్యాన్సర్ కణాలు కనిపిస్తే 1-సి3.

రెండో దశలో వ్యాధి కటివలయంలోని గర్భాశయం వంటి ఇతర భాగాలకు పాకుతుంది. మూడో దశలో కటివలయం దాటి ఉదరపు లోపలి పొరకు గాని, లింఫు కణుపులకు గాని చేరుతుంది. నాలుగో దశలో కాలేయం లోపలికి, ఊపిరితిత్తులు వంటి దూర భాగాలకు వ్యాపిస్తుంది. 'తొలి దశ' అన్నప్పుడు సాధారణంగా ఒకటో దశను, కొన్ని అధ్యయనాల్లో రెండో దశను కూడా కలిపి చెబుతారు.

దశతో పాటు మరో రెండు విషయాలు చికిత్సను నిర్ణయిస్తాయి. మొదటిది కణితి రకం. అండాశయ క్యాన్సర్లలో అధిక భాగం ఉపకళా కణజాలానికి చెందినవి. వీటిలో సీరస్, మ్యూసినస్, ఎండోమెట్రియాయిడ్, క్లియర్ సెల్ అనే రకాలు ఉన్నాయి. బాలికల్లో, యువతుల్లో బీజకణ కణితులు ఎక్కువగా కనిపిస్తాయి. వీటి చికిత్స వేరు. రెండోది గ్రేడు. సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు క్యాన్సర్ కణాలు మామూలు కణాలకు ఎంత దగ్గరగా ఉన్నాయో గ్రేడు తెలుపుతుంది. దగ్గరగా ఉంటే గ్రేడు 1, బాగా వికృతంగా ఉంటే గ్రేడు 3. దశ వ్యాధి ఎంతవరకు పాకిందో చెబుతుంది, గ్రేడు దాని స్వభావం చెబుతుంది. ఈ రెండింటినీ ఒకటిగా పొరబడకండి.

9.3 శస్త్రచికిత్సకు ముందు జరిగే పరీక్షలు

మొదట అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేస్తారు. కణితిలో నీరు మాత్రమే ఉందా, గట్టి భాగాలు ఉన్నాయా, లోపల అరలు ఉన్నాయా, కడుపులో నీరు చేరిందా అని చూస్తారు. తరువాత అవసరాన్నిబట్టి సీటీ లేదా ఎంఆర్ఐ తీస్తారు.

రక్తంలో సీఏ-125 అనే పదార్థాన్ని కొలుస్తారు. మిల్లీలీటరుకు 35 యూనిట్ల వరకు సాధారణమని భావిస్తారు. అయితే ఈ పరీక్షకు రెండు పరిమితులు ఉన్నాయి. ఒకటో దశ రోగుల్లో సుమారు సగం మందికి ఇది పెరగదు. అంటే సాధారణ ఫలితం వచ్చినా వ్యాధి లేదని చెప్పలేం. మరోవైపు ఎండోమెట్రియోసిస్, ఫైబ్రాయిడ్లు, గర్భధారణ, నెలసరి సమయాల్లో క్యాన్సర్ లేకున్నా ఇది పెరగవచ్చు. మన దేశంలో కడుపు క్షయను కూడా గుర్తుంచుకోవాలి. అందులో కడుపులో నీరు చేరుతుంది, సీఏ-125 కూడా వందల్లోకి పెరగవచ్చు. అచ్చం అండాశయ క్యాన్సర్‌లాగే కనిపించే ఈ జబ్బు మందులతో నయమవుతుంది. యువతుల్లో బీజకణ కణితి అనుమానం ఉంటే ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ పరీక్షలు కూడా చేస్తారు.

ఇతర క్యాన్సర్లలో సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం మామూలు. అండాశయానికే పరిమితమై ఉందనుకున్న కణితికి మాత్రం ఇలా సూది గుచ్చరు. గుచ్చితే అందులోని కణాలు కడుపులోకి చిందే ప్రమాదం ఉంది. అందువల్ల ఇక్కడ కణితిని మొత్తంగా తీసిన తరువాతే అది క్యాన్సరా కాదా అని తేలుతుంది.

9.4 శస్త్రచికిత్స

9.4.1 సంపూర్ణ దశా నిర్ధారణ

తొలి దశ అండాశయ క్యాన్సర్‌లో ఆపరేషన్‌కు రెండు ప్రయోజనాలు ఉన్నాయి. అది వ్యాధిని తొలగిస్తుంది. వ్యాధి ఎక్కడిదాకా పాకిందో కూడా తేలుస్తుంది. అందుకోసం శస్త్రవైద్యులు ఈ కింది పనులు ఒక క్రమంలో చేస్తారు.

1. కడుపు తెరవగానే లోపలి ద్రవాన్ని సేకరిస్తారు. ద్రవం లేకపోతే సెలైన్‌తో కడిగి, ఆ నీటిని పరీక్షకు పంపుతారు.
2. కాలేయం, విభాజక పటలం, పేగులతో సహా ఉదరపు లోపలి ఉపరితలమంతా చూస్తారు, తడిమి పరిశీలిస్తారు.
3. గర్భాశయాన్ని, రెండు అండాశయాలను, రెండు అండవాహికలను తొలగిస్తారు.
4. పేగుల మీద తెరలా వేలాడే కొవ్వుపొరను తీసి పరీక్షకు పంపుతారు. దీన్ని ఓమెంటమ్ అంటారు.
5. ఉదరపు లోపలి పొర నుంచి అనేక చోట్ల చిన్న ముక్కలు తీస్తారు.
6. కటివలయంలోని, బృహద్ధమని పక్కనున్న లింఫు కణుపులను పరిశీలించి, అవసరమైన వాటిని తీస్తారు.

కంటికి శుభ్రంగా కనిపిస్తున్న భాగాలను కూడా ఎందుకు తీయాలి? దీనికి 1983లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం సమాధానం చెబుతుంది. మొదటి ఆపరేషన్ తరువాత ఒకటో లేదా రెండో దశలో ఉన్నారనుకున్న 100 మంది మహిళలకు వైద్యులు పద్ధతి ప్రకారం మళ్లీ దశా నిర్ధారణ చేశారు. వారిలో 31 మందికి వ్యాధి అనుకున్నదానికంటే ఎక్కువ పాకినట్లు తేలింది. ఆ 31 మందిలో 23 మంది నిజానికి మూడో దశలో ఉన్నారు. మూడో దశ రోగిని ఒకటో దశగా భావిస్తే ఆమెకు తగిన చికిత్స అందదు. 'గడ్డ తీసేశారు, ఇక భయం లేదు' అనే మాట ఎంత ప్రమాదకరమో ఈ అంకెలు తెలుపుతాయి.

9.4.2 కణితి పగలకుండా తీయడం

9.2లో చూసిన వర్గీకరణను మరొకసారి గమనించండి. 1-ఎ దశలో ఉన్న కణితి ఆపరేషన్ బల్లపై పగిలితే ఆ క్షణంలోనే 1-సి1 అవుతుంది. 1,545 మంది ఒకటో దశ రోగుల వివరాలను విశ్లేషించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వ్యాధి తిరగబెట్టే అవకాశాన్ని అన్నింటికంటే బలంగా సూచించింది గ్రేడు. ఆ తరువాతి స్థానాల్లో ఆపరేషన్‌కు ముందు కణితి పగలడం, ఆపరేషన్‌లో పగలడం ఉన్నాయి. గ్రేడు మన చేతిలో లేదు. ఆపరేషన్‌లో పగలకుండా చూడటం చాలావరకు శస్త్రవైద్యుల చేతిలో ఉంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక మహిళకు 9 సెంటీమీటర్ల గడ్డ ఉంది. లోపల గట్టి భాగాలు ఉన్నాయి. ఒకచోట ఆమెకు చిన్న కోతతో నీరు లాగేసి, గడ్డ గోడను ముక్కలుగా తీశారనుకుందాం. గాయం చిన్నది, ఇంటికి త్వరగా వెళ్లింది. వారం తరువాత పాథాలజీ నివేదికలో క్యాన్సర్ అని వచ్చింది. ఇప్పుడు ఆమె దశ 1-సి1 అయింది. మిగతా భాగాలు చూడనందువల్ల ఆ దశ కూడా ఖాయం కాదు. మళ్లీ ఆపరేషన్, దాదాపు తప్పనిసరిగా కీమోథెరపీ. మరోచోట అదే గడ్డను క్యాన్సర్ శస్త్రవైద్యులు పగలకుండా తీసి, ఆపరేషన్ జరుగుతుండగానే ఫ్రోజెన్ సెక్షన్ పరీక్షకు పంపి, ఫలితాన్నిబట్టి దశా నిర్ధారణ పూర్తిచేశారనుకుందాం. గ్రేడు 1 అయితే ఆమెకు అదే చివరి చికిత్స కావచ్చు. గడ్డ ఒకటే అయినా ఇద్దరి దారులు వేరయ్యాయి. క్యాన్సర్ అనుమానం ఉన్న గడ్డకు మొదటి ఆపరేషనే స్త్రీల క్యాన్సర్ శస్త్రచికిత్సలో శిక్షణ పొందినవారి చేత జరగాలని చెప్పడానికి కారణం ఇదే.

9.4.3 సంతానం కోరుకునే మహిళలు

క్యాన్సర్ అనగానే గర్భాశయం తప్పనిసరిగా తీసేయాలని చాలామంది అనుకుంటారు. 1-ఎ దశలో తక్కువ గ్రేడు కణితి ఉండి, పిల్లలు కావాలనుకునే మహిళల్లో వ్యాధి ఉన్న అండాశయాన్ని, ఆ వైపు అండవాహికను మాత్రమే తీసి, గర్భాశయాన్ని, రెండో అండాశయాన్ని ఉంచవచ్చు. ఎంపిక చేసిన 1-సి రోగుల్లో కూడా దీన్ని పరిశీలిస్తారు. అయితే ద్రవ పరీక్ష, ఓమెంటమ్, పొర ముక్కలు తీయడం వంటి మిగతా దశా నిర్ధారణ పనులు ఇక్కడ కూడా తప్పవు. బీజకణ కణితులు ఉన్న యువతుల్లో ఇదే సాధారణ పద్ధతి. ఆ కణితులు కీమోథెరపీకి చాలా బాగా లొంగుతాయి.

రెండు అండాశయాలనూ తీసినప్పుడు, అప్పటికి నెలసరి వస్తున్న మహిళలో ముట్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, కాలక్రమంలో ఎముకల బలహీనత వస్తాయి. వీటికి చికిత్స ఉంది. ఈ విషయం ఆపరేషన్‌కు ముందే రోగికి చెప్పాలి. పిల్లల విషయం కూడా అంతే. ఆ నిర్ణయం ఆమెది. ఆమెను అడగకుండా బంధువులు తీసుకునేది కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

(అ) సీఏ-125 సాధారణంగా ఉంటే అండాశయ క్యాన్సర్ లేదని చెప్పవచ్చా? ఎందుకు?
(ఆ) 1-ఎ దశ ఏ పరిస్థితిలో 1-సి1గా మారుతుంది?
(ఇ) దశకు, గ్రేడుకు తేడా ఏమిటి?

9.5 కీమోథెరపీ ఎవరికి అవసరం?

ఆపరేషన్ తరువాత కంటికి కనిపించని కణాలు మిగిలి ఉంటే వాటిని నాశనం చేయడానికి కీమోథెరపీ ఇస్తారు. ఇది తొలి దశ రోగులందరికీ అవసరం లేదు.

తక్కువ ప్రమాదం ఉన్నవారు: 1-ఎ, 1-బి దశల్లో గ్రేడు 1 కణితి ఉండి, సంపూర్ణ దశా నిర్ధారణ జరిగినవారికి ఆపరేషన్ చాలు. 1990లో వెలువడిన అమెరికా పరిశోధనలో తక్కువ ప్రమాదం ఉన్న రోగుల్లో సగం మందికి మందు ఇచ్చి, మిగతావారిని కేవలం పరిశీలనలో ఉంచారు. రెండు వర్గాల్లోనూ ఐదేళ్ల మనుగడ 90 శాతం దాటింది. చెప్పుకోదగిన తేడా లేదు.

ఎక్కువ ప్రమాదం ఉన్నవారు: గ్రేడు 3 కణితులు, అధిక గ్రేడు సీరస్ రకం, 1-సి దశ, రెండో దశ ఉన్నవారికి సాధారణంగా కీమోథెరపీ సూచిస్తారు. గ్రేడు 2, క్లియర్ సెల్ వంటి మధ్యస్థ సందర్భాల్లో వైద్యులు రోగితో చర్చించి నిర్ణయిస్తారు.

ఈ విషయంలో ఐరోపాలో జరిగిన ఐకాన్-1, యాక్షన్ అనే రెండు పరిశోధనలు ముఖ్యమైనవి. వాటి ఉమ్మడి ఫలితాలు 2003లో వచ్చాయి. మొత్తం 925 మంది పాల్గొన్నారు. ఆపరేషన్ తరువాత వెంటనే కీమోథెరపీ తీసుకున్నవారిలో ఐదేళ్ల మనుగడ 82 శాతం. తీసుకోనివారిలో 74 శాతం. అంటే మందు మేలు చేసింది. కానీ యాక్షన్ పరిశోధనను లోతుగా చూసినప్పుడు మరో సంగతి బయటపడింది. ఆ 448 మందిలో సుమారు మూడో వంతుకే సంపూర్ణ దశా నిర్ధారణ జరిగింది. వారిలో కీమోథెరపీ వల్ల అదనపు లాభం కనిపించలేదు. లాభమంతా అసంపూర్ణంగా దశా నిర్ధారణ జరిగినవారిలోనే కనిపించింది. బహుశా వారిలో కొందరికి గుర్తించని వ్యాధి ఉండి, మందు దాని మీద పనిచేసి ఉంటుంది. అలాగని సరిగా ఆపరేషన్ జరిగిన ఎక్కువ ప్రమాదపు రోగులకు మందు మానేయరు. అయితే మందు కావాలా వద్దా అన్న ప్రశ్నకు నమ్మకమైన జవాబు కావాలంటే ముందు ఆపరేషన్ సరిగా జరిగి ఉండాలని ఈ ఫలితాలు తెలుపుతున్నాయి.

సాధారణంగా వాడే మందులు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్. మొదటిది ప్లాటినం లోహపు సమ్మేళనం. రెండోది తొలుత పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు నుంచి తీసిన పదార్థం. మూడు వారాలకొకసారి చొప్పున 3 నుంచి 6 సార్లు రక్తనాళం ద్వారా ఇస్తారు. అధిక గ్రేడు సీరస్ రకానికి 6 సార్లు ఇవ్వడం మేలని భావిస్తారు. జుట్టు రాలడం, వాంతులు, నీరసం, చేతివేళ్లు, కాలివేళ్లు తిమ్మిరెక్కడం, రక్తకణాలు తగ్గడం దుష్ప్రభావాలు. రాలిన జుట్టు చికిత్స తరువాత తిరిగి వస్తుంది. చికిత్స సమయంలో 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసుకొని ఆగకూడదు. తెల్లరక్తకణాలు తగ్గినప్పుడు ఇన్ఫెక్షన్ ప్రాణాంతకం కావచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

9.6 కోలుకునే అవకాశాలు: అంకెలను అర్థం చేసుకోవడం

అమెరికా గణాంకాల ప్రకారం వ్యాధి అండాశయానికే పరిమితమై ఉన్నవారిలో ఐదేళ్ల మనుగడ రేటు 90 శాతం దాటుతుంది. దూర భాగాలకు పాకినవారిలో ఇది సుమారు 30 శాతం. ఈ అంకెలను చదివేటప్పుడు మూడు జాగ్రత్తలు తీసుకోండి.

మొదటిది, 'ఐదేళ్ల మనుగడ' అంటే రోగి ఐదేళ్లే బతుకుతుందని కాదు. నూరుమందిలో ఎంతమంది ఐదేళ్ల తరువాత కూడా జీవించి ఉన్నారో ఆ రేటు చెబుతుంది. వారిలో చాలామంది ఆ తరువాత దశాబ్దాలపాటు ఆరోగ్యంగా ఉంటారు.

రెండోది, ఇవి సమూహానికి చెందిన సగటులు. దశ, గ్రేడు, కణితి రకం, వయసు, దశా నిర్ధారణ ఎంత బాగా జరిగిందన్నవి ఒక్కో రోగికి ఒక్కోలా ఉంటాయి.

మూడోది, తొలి దశలో ఫలితాలు బాగున్నాయి కనుక ఆరోగ్యంగా ఉన్న మహిళలందరికీ ఏటా పరీక్షలు చేస్తే మరణాలు తగ్గుతాయని అనిపించవచ్చు. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా మహిళలపై ఈ ఆలోచనను పరీక్షించారు. 2021లో వచ్చిన ఫలితాల్లో, ఏటా సీఏ-125 పరీక్ష చేయించుకున్న వర్గంలో తొలి దశలో బయటపడిన కేసులు పెరిగాయి. కానీ ఈ వ్యాధి వల్ల మరణాలు తగ్గలేదు. అందువల్ల లక్షణాలు లేని సాధారణ మహిళలకు ఈ పరీక్షలను సిఫారసు చేయడం లేదు.

9.7 చికిత్స ముగిసిన తరువాత

మొదటి రెండేళ్లు సుమారు మూడు నెలలకొకసారి, తరువాత ఐదేళ్ల వరకు నాలుగు నుంచి ఆరు నెలలకొకసారి వైద్యులకు చూపించుకోవాలి. వ్యాధి తిరగబెడితే ఎక్కువగా మొదటి కొన్నేళ్లలోనే తెలుస్తుంది. ఒక అండాశయం ఉంచినవారికి స్కానింగ్ కూడా చేస్తారు.

ఉపకళా రకం అండాశయ క్యాన్సర్ వచ్చిన ప్రతి మహిళకు బీఆర్‌సీఏ జన్యుపరీక్ష సూచిస్తారు. ఆమెలో జన్యులోపం ఉంటే తోబుట్టువులకు, సంతానానికి అది ఉండే అవకాశం సగం. మగవారికి కూడా అది సంక్రమించవచ్చు. లోపం ఉన్న మహిళలకు సంతానం పూర్తయ్యాక, బీఆర్‌సీఏ-1 అయితే 35–40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ-2 అయితే 40–45 ఏళ్ల మధ్య అండాశయాలను, అండవాహికలను తొలగించడం ద్వారా ప్రమాదాన్ని బాగా తగ్గించవచ్చు. ఆడపిల్లల పెళ్లి సంబంధాలకు అడ్డమవుతుందని జబ్బు సంగతి దాచే కుటుంబాలు ఉన్నాయి. దాచిపెడితే ఆ పిల్లలకే ఈ రక్షణ దూరమవుతుంది.

మీ కుటుంబంలో గాని, పరిచయస్తుల్లో గాని ఎవరికైనా అండాశయంలో గడ్డ ఉందని తెలిస్తే ఈ ప్రశ్నలు అడిగేలా సహాయపడండి:

• ఈ గడ్డ క్యాన్సర్ కావచ్చన్న అనుమానం ఉందా?
• ఉంటే ఆపరేషన్ చేసేది క్యాన్సర్ శస్త్రవైద్యులేనా? ఫ్రోజెన్ సెక్షన్ వసతి ఉందా?
• తీసిన భాగాలన్నీ పాథాలజీ పరీక్షకు వెళ్తున్నాయా? నివేదిక ఎప్పుడు వస్తుంది?
• నివేదికలో దశ, గ్రేడు, రకం ఏమిటి? కణితి పగిలిందా?
• ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకం ఈ ఆస్పత్రిలో వర్తిస్తుందా?

పాథాలజీ నివేదికను, ఆపరేషన్ వివరాల కాగితాన్ని, డిశ్చార్జి సమ్మరీని పారేయకుండా భద్రపరచాలి. పదేళ్ల తరువాత అయినా వైద్యులు మొదట అడిగేవి అవే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

(అ) 1-ఎ దశ, గ్రేడు 1 రోగికి సంపూర్ణ దశా నిర్ధారణ జరిగింది. ఆమెకు కీమోథెరపీ అవసరమా?
(ఆ) కీమోథెరపీ సమయంలో జ్వరం వస్తే ఎందుకు వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి?
(ఇ) బ్రిటన్ పరిశోధన ఏమి తేల్చింది?

9.8 సారాంశం

అండాశయ క్యాన్సర్ తొలి దశలో బయటపడితే కోలుకునే అవకాశం చాలా ఎక్కువ. అయితే అది తొలి దశే అని స్కానింగ్‌తో గాని, రక్తపరీక్షతో గాని తేలదు. కణితిని పగలకుండా తీసి, కడుపులోని ద్రవాన్ని, ఓమెంటమ్‌ను, పొరను, లింఫు కణుపులను పరీక్షించిన తరువాతే తేలుతుంది. ఆ నిర్ధారణనుబట్టి కొందరికి ఆపరేషన్ సరిపోతుంది. మరికొందరికి 3 నుంచి 6 సార్లు కీమోథెరపీ అవసరమవుతుంది. పిల్లలు కావాలనుకునే మహిళల్లో తగిన సందర్భాల్లో గర్భాశయాన్ని, ఒక అండాశయాన్ని కాపాడవచ్చు. చికిత్స తరువాత క్రమం తప్పని పరిశీలన, జన్యుపరీక్ష అవసరం.

9.9 కీలక పదాలు

ఓమెంటమ్: పేగుల ముందు తెరలా ఉండే కొవ్వుపొర. అండాశయ క్యాన్సర్ కణాలు తరచుగా చేరే చోటు.
దశా నిర్ధారణ: వ్యాధి ఎంతవరకు పాకిందో క్రమపద్ధతిలో తేల్చడం.
ఫ్రోజెన్ సెక్షన్: ఆపరేషన్ జరుగుతుండగానే కణజాలాన్ని గడ్డకట్టించి, పలుచగా కోసి చేసే తక్షణ పరీక్ష.
సీఏ-125: కొన్ని అండాశయ క్యాన్సర్లలో రక్తంలో పెరిగే పదార్థం.
బీఆర్‌సీఏ: లోపం ఉన్నప్పుడు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ప్రమాదాన్ని పెంచే జన్యువులు.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తొలి దశ అండాశయ క్యాన్సర్‌లో సంపూర్ణ దశా నిర్ధారణ ప్రాముఖ్యాన్ని తగిన ఆధారాలతో వివరించండి.
2. తొలి దశ రోగుల్లో కీమోథెరపీ అవసరాన్ని నిర్ణయించే అంశాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఒకటో దశలోని ఉపదశలు
2. సంతాన సామర్థ్యాన్ని కాపాడే శస్త్రచికిత్స
3. ఐదేళ్ల మనుగడ రేటును అర్థం చేసుకోవడంలో తీసుకోవలసిన జాగ్రత్తలు